తడి కిందినుంచే వచ్చింది

ఒక్క మాట నన్ను ఇన్నేళ్లూ కుదురుగా కూర్చోనివ్వలేదు. పనిలో ఉన్నంతసేపూ అది నోరు మూసుకుని ఉంటుంది. కాస్త నడుం వాల్చానా, లేచి లోపల తిరగడం మొదలుపెడుతుంది. అందుకే నేను నడుం వాల్చను. ఎనభై దాటినా పొద్దున్నే చేనికి పోతాను, ఇంటికొస్తాను, మళ్లీ పోతాను. మా ఇంట్లోవాళ్లు నన్ను కాలుగాలిన పిల్లి అని వెక్కిరిస్తారు. ఊళ్లో మాత్రం కష్టజీవినని పేరు. అది కష్టపడటం కాదు, పారిపోవడం అని నాకొక్కడికే తెలుసు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఎప్పుడో చెప్పేవాణ్ని. నా పేరు అడగకండి. మా ఊరు మానుకోటకు ఎంతో దూరం లేదు, ఆకేరు వాగు ఒడ్డున ఉంటుంది, అంతవరకు చాలు. చెప్పవలసింది ఆ ఒడ్డున ఉన్న మా చేను గురించి.

చేను గురించి అన్నాను చూశారా? మనిషి గురించి చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను చేను దగ్గర మొదలుపెడతాను. పోనీ, అక్కణ్నుంచే వస్తాను. దారి అటే ఉంది.

ఆ భూమి మొదట ఎవరిదీ కాదు. వాగు పొంగితే మునిగేది, తగ్గితే తేలేది. తండావాళ్ల పశువులు అక్కడ మంద పడుకునేవి. ఆ పేడతోనూ వాగు తెచ్చిన ఒండ్రుతోనూ అది చేనుకు పనికొచ్చే భూమి అయింది. అయ్యాక దొర కంట్లో పడింది. నేను పుట్టేసరికి దొర అందులో ఆముదాలు వేయించేవాడు, మా నాయిన అందులో వెట్టి చేసేవాడు. తర్వాత సంగం వచ్చింది, దొర పట్నం పారిపోయాడు. సంగం వాళ్లు తాడు పట్టి కొలిచి, ఆ చేనును చెక్కలు చేసి, భూమి లేనివాళ్లకు చీట్లు వేసి పంచారు. వాగు వైపు చివరి చెక్క నాకు వచ్చింది. దాని పక్కది తండా నుంచి వచ్చిన భీక్యాకు వచ్చింది.

భీక్యా నాకంటే కొంచెం చిన్న. నన్ను అన్నా అని పిలిచేవాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. ఆయనా, భార్య జమ్లీ, చంకలో పిల్లవాడూ ఆ చెక్కలోనే గుడిసె వేసుకుని ఉండేవారు. మా ఇద్దరి మధ్య గట్టు కూడా పోసుకోలేదు. తంగేడు కొమ్మలు వరసగా పాతుకున్నాం, అదే హద్దు. చెక్క వచ్చిన రోజు నేను ఆ మట్టి చిటికెడు నోట్లో వేసుకుని చూశాను. నవ్వకండి. తరతరాలుగా పరాయి భూమి దున్నినవాడికి తన మట్టి రుచి ఎలా ఉంటుందో చూడాలనిపిస్తుంది.

రుచి చూశాకే భయం పట్టుకుంది. చేతిలో ఏమీ లేనప్పుడు నాకు ఏ భయమూ లేదు. ఇంకా కొన్ని ఇళ్లవాళ్లు భూమి అడుగుతున్నారని, మళ్లీ కొలిచి మళ్లీ చీట్లు వేస్తారని ఊళ్లో మాట పుట్టింది. రెండోసారి నా చీటీ ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు? మొరం గడ్డ మీద పడితే? ఆ వాగొడ్డు చెక్క నాకే ఉండిపోవాలని రాత్రింబవళ్లూ అదే ధ్యాస. సరిగ్గా అప్పుడే ఊరి జొన్నలు దాచవలసి వచ్చింది.

పాతర అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ధాన్యం దాచే గొయ్యి. మెడ సన్నగా, పొట్ట పెద్దగా, కుండ ఆకారంలో తవ్వాలి. లోపల మంట వేసి గోడలు కాల్చాలి. గడ్డి పరిచి, చుట్టూ గడ్డి పేని, గింజలు నింపి, మూతి మీద బండ పెట్టి మట్టితో మెత్తాలి. మా నాయిన పాతరల మనిషి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి పాతర కావాలన్నా ఆయన్నే పిలిచేవారు. ఆయన పోయాక నన్ను పిలిచేవారు. ఆయన నాకు నేర్పిన మొదటి సంగతి ఏమిటంటే, పాతర ఎప్పుడూ ఎత్తు మీద, మొరం నేలలోనే తవ్వాలి. వాగొడ్డున తవ్వకూడదు. వాన కాలంలో వాగు నిండితే ఒడ్డు లోపల్లోపల ఊరుతుంది, పైకి కనబడదు.

అది నాకు తెలుసు. తెలియక చేసింది కాదు, ఆ సాకు నాకు లేదు.

రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న ఎండాకాలం అది. ఇళ్లలో గింజ కనబడితే ఎత్తుకుపోతున్నారు. మా సంగం పెద్ద రాములు మామ అందరినీ పిలిచి, ఊరి జొన్నలన్నీ ఒక్కచోట దాచుదాం, చోటు నువ్వే చూపించమని నాతో అన్నాడు. నేను నా చెక్క చూపించాను. ఒడ్డున పాతర ఉంటుందని ఎవరూ అనుకోరు కాబట్టి అదే భద్రం అన్నాను. తేమ రాదా అని ఎవరో అడిగారు. నేను తవ్వి చూశాను, అడుగున గట్టి నేల ఉంది అన్నాను. తవ్వింది నిజమే. గట్టి నేల అబద్ధం. ఊరి తిండి నా చెక్కలో ఉంటే ఇక నన్ను అక్కణ్నుంచి ఎవరు కదిలిస్తారు? నా లెక్క అంతే. వాగు ఆ ఏడు పొంగకపోవచ్చులే అనుకున్నాను. మన ఆశకు వాగు ఎప్పుడూ అడ్డం రాదు కదా, అనుకునేటప్పుడు.

పట్టపగలే నింపాం. చేనికి పెంట తోలే రోజులు కాబట్టి, గంపల్లో జొన్నలు పోసి పైన పెంట కప్పి మోశాం. చూసినవాళ్లకు పెంట మోస్తున్నట్టే ఉంది. మూతి మెత్తి, దాని మీద పెంటకుప్ప వేశాం. కాపలాకు భీక్యాను పెట్టారు, గుడిసె పక్కనే కాబట్టి.

వానలు మొదలయ్యాక రజాకార్లు మా ఊరు తగలబెట్టారు. మేమంతా బయ్యారం గుట్టల వైపు అడవి పట్టాం. భీక్యా రాలేదు. కాపలా ఒప్పుకున్నాను కదా అన్నాడట. జమ్లీ కూడా ఆయన్ని వదిలి రాలేదు. తర్వాత తెలిసింది, వాళ్లు భీక్యాను పట్టుకుని జొన్నలెక్కడ అని అడిగారు. చెప్పలేదు. కుడిచేతి వేళ్లు విరగ్గొట్టారు. అప్పుడూ చెప్పలేదు. ఆ వేళ్లు మళ్లీ సరిగ్గా అతకలేదు.

ఆ ఏడు వాగు ఒడ్డెక్కి పారింది.

యూనియన్ మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు అని విని మేం అడవి దిగాం. దసరా దగ్గర పడుతోంది. ఎవరూ విత్తింది లేదు, కాబట్టి కోసేది లేదు. ఊరంతటికీ మిగిలింది ఆ పాతరే. గంపలు పట్టుకుని అందరూ వాగొడ్డుకు వచ్చారు. పెంటకుప్ప తీశాం, మట్టి గీకాం, బండ లేపాం. ముందు ఆవిరి వచ్చింది. వెనకాలే వాసన. పులిసిన అంబలి వాసన.

మూతి తెరిచిన పాతరలో వెంటనే దిగకూడదు, లోపలి గాలి మనిషిని చంపుతుంది. తాడు కట్టి కందిలి దింపాను. ఆరిపోయింది. వేపకొమ్మలతో గాలి విసిరి, ఆగి, మళ్లీ దింపాను. ఈసారి వెలిగింది. నా నడుముకు తాడు కట్టుకున్నాను. రెండో కొస భీక్యా పట్టుకున్నాడు. ఆ వంకర వేళ్లతోనే మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని పట్టుకున్నాడు.

మీద పొర బూజు పట్టి అట్టలా ఉంది. అది అడుగున కుళ్లిన గింజల వేడికి ఆవిరి లేచి మూతి కింద చెమర్చిన తడి, పైనుంచి చూసేవాళ్లకు అది వాన తడిలాగే ఉంటుంది. అట్ట పగలగొట్టి గంపకెత్తాను. దాని కింద జొన్నలు పొడిగా ఉన్నాయి. పిడికిట పట్టి వదిలితే గలగలమని జారాయి. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అరిచి చెబుదామని నోరు తెరిచాను కూడా. అప్పుడే చెయ్యి ఇంకా లోపలికి పోయింది. మోచేతి దగ్గర వెచ్చగా తగిలింది. తర్వాత మెత్తగా. బయటికి తీస్తే నల్లటి ముద్ద.

నాకు అర్థమైపోయింది. వాగు ఒడ్డు లోపలినుంచి వచ్చింది. అడుగునుంచి ఎక్కింది. మా నాయిన చెప్పినట్టే.

పైనుంచి భీక్యా గొంతు వినబడింది.

"అన్నా, ఎట్లుంది? తడి ఏడికెల్లి వచ్చింది, జర చెప్పరాదే."

పాపం, ఆయనకూ అదే దిగులు. కాపలావాడు కదా. వాన నీళ్లు మూతిలోంచి దిగితే తనదే తప్పు అవుతుంది. రాములు మామ కూడా వంగి అడిగాడు.

"చెప్పుర, కిందికెల్లి వచ్చిందా, మీదికెల్లి వచ్చిందా?"

ఆ గోతిలో ఆ ఒక్కసారి నేను నిజంగా ఒంటరిగా ఉన్నాను. కింద అంటే చోటు చూపించిన నేను. పైన అంటే కాపలా ఉన్న భీక్యా. కింద అంటే నా చెక్క పోతుంది, మా నాయిన పేరు పోతుంది, ఊరు నన్ను బతకనివ్వదు. ఇవన్నీ ఆలోచించే చెప్పానా? లేక నోరు దానంతటదే పలికిందా? ఇన్నేళ్లూ ఈ ప్రశ్నతో ఆడుకున్నాను. నోరే పలికిందని నమ్మితే కాస్త తేలిక. నమ్మలేకపోయాను.

"మీదికెల్లి," అన్నాను. "మూతి తీసిండ్రు ఎవలో. మళ్ల సక్కగ మెత్తలే."

పైన ఎవరో, "మనం అడవిల పస్తులుంటిమి. ఈడ వీళ్లు ఏం తిని బతికిండ్రు?" అన్నారు. ఇంకెవరో, నిప్పు లేనిదే పొగ రాదన్నారు. భీక్యా, "నేను తియ్యలే అన్నా, నా కొడుకు మీద ఒట్టు. గడ్డలు తవ్వుకొని తిన్నం," అన్నాడు. ఆ మాట రాములు మామతో అనలేదు. గోతిలోకి వంగి నాతో అన్నాడు. నేను తల ఎత్తలేదు.

ఇంతవరకు చెప్పింది తేలిక. ఇప్పుడు చెప్పబోయేదాని కోసమే ఇదంతా మొదలుపెట్టాను. చూడండి, ఇక్కడికి వచ్చేసరికి లేచి చేనికి పోవాలనిపిస్తోంది.

నీళ్లు మీదినుంచి దిగితే మధ్యలో జొన్నలు పొడిగా ఎలా ఉంటాయి? నా అబద్ధానికి ఆ పొడి గింజలే సాక్షి. గంపకెత్తితే పైకి పోతాయి, అందరూ చూస్తారు. ఊరంతా గంజికైనా సరిపెట్టుకుని కొత్త పంటదాకా బతకగలిగేన్ని గింజలు అవి. నేను పార తీసుకున్నాను. అడుగునున్న నల్లముద్దను పొడి గింజల మీదికి తోడాను. పొడి జొన్నలను అందులోకి తోశాను. కాళ్లతో తొక్కాను. మోకాళ్లదాకా దిగి, బురద తొక్కినట్టు, గోడ నుంచి గోడ దాకా తొక్కాను. పొడి చోటు లేకుండా చేశాను. పైనవాళ్లు నేను చెడ్డదాన్ని వేరు చేస్తున్నాననుకున్నారు. ఆకలితో గంపలు పట్టుకుని నిలబడినవాళ్ల తిండిని వాళ్ల కాళ్ల కిందే తొక్కి పాడుచేశాను. ఒక మనిషిని దొంగను చేయడానికి.

గంపలు పైకి లాగింది భీక్యానే. చివరి గంప వెనకాల నేనూ పైకి వచ్చాను. ఆయన ఆ గంపలోంచి ఏదో ఏరుతున్నాడు. ముద్దలో ఎక్కడో ఒక గింజ పొడిగా మిగిలిపోయింది. దాన్ని నోట్లో వేసుకుని కొరికాడు. పటుక్కుమంది. నా కాళ్ల వైపు చూశాడు. మోకాళ్లదాకా నల్లగా ఉన్నాయి. తర్వాత నా ముఖం చూశాడు.

ఆయనకు తెలిసిపోయింది. అయినా ఏమీ అనలేదు. ఎందుకు అనలేదు? వేళ్లు విరిచినా మాట్లాడనివాడికి మాట్లాడకపోవడం అలవాటైందా? పాతరల మనిషి మాట ముందు తండా మనిషి మాట చెల్లదని తెలుసా? లేక అన్నా అని పిలిచినవాణ్ని నలుగురిలో నిలబెట్టడం ఇష్టం లేకపోయిందా? ఈ మూడోది నిజమైతే మాత్రం నేను భరించలేను. అందుకే రెండోదే నిజమని చాలాకాలం అనుకుంటూ వచ్చాను.

ఆయన్ని కొట్టలేదు. రాములు మామ కొట్టనివ్వలేదు. చెక్క తీసేసుకుని వెళ్లిపొమ్మన్నారు. పిల్లవాణ్ని ఎత్తుకుని, కుండలు సర్దుకుని, భూపాలపల్లి అడవుల వైపు పోయారు. పోయేటప్పుడు జమ్లీ మా ఇంటి ముందు ఆగి తన భాషలో ఏదో అంది. నాకు ఆ భాష రాదు. ఏమన్నదని మా ఆడది అడిగితే, ఏమో అన్నాను. తిట్టు అయితే నేల మీద ఉమ్మేది. ఉమ్మలేదు. అడిగినట్టే ఉంది ఆ గొంతు.

ఆ చలికాలం ఊళ్లో పసిపిల్లలు పోయారు. రాములు మామ తల్లి పోయింది. అందరూ కరువు అన్నారు, దొంగతనం అన్నారు. కరువు కాదు. నా పాదాలు.

కుళ్లిన జొన్నలను భీక్యా చెక్కలో ఎరువుగా చల్లారు. అదీ నాకే ఇచ్చారు, పక్కవాణ్ని కదా. తంగేడు కొమ్మలు నేనే పీకేశాను. మరుసటి ఏడు అక్కడ పంట విరగబడింది. ఈలోగా మిలిటరీ వెనకాలే దొర తిరిగొచ్చాడు, మిలిటరీవాళ్లు ఇళ్లిళ్లూ వెతికారు, సంగం వాళ్లు జైళ్లకూ అడవులకూ పోయారు. ఇక పాతర సంగతి తిరగదోడేవాడు ఎవడు? దొరకు నేను కౌలుదారునయ్యాను. ఆయన కొడుకులు అమ్ముకుని పోయేటప్పుడు ఆ రెండు చెక్కలూ నేనే కొన్నాను. జొన్న పోయి పల్లి వచ్చింది. మోటారు పెట్టాక వరి వచ్చింది. పత్తి వచ్చింది, ఇప్పుడు మిర్చి. పాతర ఉన్న చోట మాత్రం నాగలి పెట్టనివ్వలేదు, ట్రాక్టరు తిప్పనివ్వలేదు. ఏటా అక్కడే పెంటకుప్ప వేయిస్తాను. ముసలాడి చాదస్తం అంటారు. అంబలి కూడా నేను మానేశాను. కడుపులో మంట అని మా ఆడదానికి చెప్పాను, చచ్చేదాకా నాకు వేరే వండి పెట్టింది.

ఇలాగే పోదును. తేలు కుట్టిన దొంగలాగా ఎవరికీ చెప్పకుండా పోదును. మొన్న ఎండాకాలం ఒక అమ్మాయి చేనికి వచ్చింది. చెల్పూరు కరెంటు ప్లాంటులో నౌకరీ చేస్తుందట. నేను మిర్చి ఏరిస్తున్నాను. చెప్పులు గట్టు మీద విడిచి వచ్చింది. జమ్లీ మనవరాలినని చెప్పింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పేరు వినగానే నేను నా కాళ్లు చూసుకున్నాను.

భీక్యా ఎప్పుడో పోయాడట. జమ్లీ ఈ మధ్యే పోయిందట. పోయేముందు ఈ ఊరి పేరూ వాగు పేరూ చెప్పిందట.

"తాతా, మా తండల ఇప్పటికి మమ్మల్ని పాతర దొంగలోళ్లు అంటరు. పెండ్లి మాట వచ్చినా ముందు గదే అంటరు. మీరు గప్పటి మనుషులు గదా. మా తాత నిజంగనే తీసిండా?"

వయసు పోయింది, చెక్క పోతుందన్న భయమూ లేదు, రాములు మామ లేడు, కొట్టేవాడు లేడు. చెప్పడానికి అంతకంటే మంచి రోజు ఏది?

"గా లొల్లిల ఎవల్కి తెలుసు బిడ్డా," అన్నాను.

ఆమె తల ఊపింది. చెంబెడు నీళ్లు అడిగి తాగింది. మా తాత చెక్క ఏదని అడిగితే చెయ్యి చాపి చూపించాను. హద్దు ఎక్కడని అడిగింది. హద్దు లేదు బిడ్డా, కలిసిపోయింది అన్నాను. ఆమె ఆ మట్టి మీద కాసేపు నిలబడి మానుకోట బస్సుకు పోయింది. మొదటిసారి అబద్ధం చెప్పినప్పుడు పడుచువాణ్ని, భయం. ఈసారి ఏ సాకు చెప్పుకోను?

ఆమె కోసం చెల్పూరు పోదామని బస్టాండు దాకా పోయాను. పోయి తిరిగొచ్చాను. మళ్లీ పోయాను. బస్సెక్కలేదు. రేపు ఎక్కుతానని మీకు చెప్పను, నా మాట మీద నాకు నమ్మకం లేదు. ఆమె వింటే క్షమిస్తుందనీ అనుకోవడం లేదు. క్షమించమని అడిగే హక్కు ఉన్నవాణ్ని అయితే గోతిలోంచే అడిగి ఉండేవాణ్ని.

నిన్న పొద్దున్నే పెంటకుప్ప తీయించాను. కూలీలను పంపేసి ఆ గుంట దగ్గర కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను, మీకు తెలియదు గానీ నాకది పెద్ద సంగతి. నేల మీద చెయ్యి పెట్టాను. పైకి ఎండి ఉంది. వేళ్లతో కొంచెం తవ్వితే చల్లగా, తేమగా తగిలింది.

భీక్యా అడిగిన దానికి నేనింకా జవాబు బాకీ ఉన్నాను. అక్కడ కూర్చుని, వినేవాడు లేకపోయినా, పైకే చెప్పాను. మీకూ చెబుతున్నాను. మీరు ఎప్పుడైనా చెల్పూరు వైపు పోతే, ఎవరైనా ఆ ఇంటివాళ్లను ఆ మాట అంటే, మీకు నిజం తెలుసు.

కిందికెల్లి, తమ్మీ. తడి కిందికెల్లే వచ్చింది.